గోవర్ధనగిరి ఎడమ కొస

పాఠశాల వార్షికోత్సవాలలో పిల్లలు ప్రదర్శించే నృత్యరూపకాన్ని, అనగా మాటను వీలైనంత తగ్గించి కథనంతా పాట మీదా ఆట మీదా నడిపించే ప్రదర్శనను, నాట్యం తెలిసినవారు నాట్యంగా చూస్తారు, ఉపాధ్యాయులు గండంగా చూస్తారు. దాన్ని దానికోసమే చూసేది మాత్రం రెండో వరుసలో ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని, వెనకవారికి అడ్డమన్న సంగతి తెలిసీ తెలియనట్టు మెడ సాచే తాతగారొక్కరే. కృత్తివెన్ను ప్రాంతపు తాత ఈ విషయంలో ప్రత్యేక పరిశీలనకు తగినవాడు, ఎందుకంటే ఆయన పుట్టుకతో మెత్తని ప్రేక్షకుడు కాడు.

ఆయన పెరిగింది పద్యనాటకం నీడలో. పద్యనాటకమంటే నటుడు పద్యం చదివి, చివరి అక్షరాన్ని పట్టుకుని హార్మోనియం తోడుగా తన ఊపిరి ఉన్నంతవరకూ రాగం తీసే నాటకం. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలలోని పద్యాలు ఈ సీమలో అక్షరాలు రానివారికి సైతం కంఠస్థం. ఆ జంటలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి బందరు హిందూ హైస్కూలులో తెలుగు పండితుడిగా పనిచేసినవారు గనుక ఇక్కడ నాటకానికీ బడికీ చుట్టరికం పాతదేనని చెప్పవచ్చు. పద్యం నచ్చితే జనం ‘వన్స్‌మోర్’ అని అరిచేవారు, నటుడు మళ్ళీ అందుకునేవాడు, చచ్చి పడిన పాత్ర కూడా అవసరమైతే లేచి పాడి తిరిగి చచ్చేది. నచ్చకపోతే ఈలలు. హార్మోనియం ఒకటిన్నర శ్రుతిలో ఉండగా నటుడు మరోచోట ఉన్నాడని చీకట్లో తువ్వాలు దులుపుకుని లేచిపోయిన రసికులలో నేటి తాతలు ఎందరో ఉన్నారు.

ఇంతటి కఠినుడు మనవడి విషయంలో ఏమవుతాడన్నదే ప్రశ్న. ఆయనకు ముందుగా ఒక దృష్టాంతం సిద్ధంగా ఉంటుంది. 1922లో గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల, తండ్రి తరంగాలు పాడుతుంటే చిన్ననాడే నృత్యం చేసి బాలభరతుడనిపించుకున్నాడు. తరంగాలంటే నారాయణతీర్థులు కృష్ణలీలల మీద రచించిన కీర్తనలు. ఈ ఒక్క సత్యం ఆధారంగా ఉప్పుటేరు మొదలు దివిసీమ దాకా ప్రతి తాతా తన మనవడికి ఏ దారి తెరిచి ఉన్నదో లెక్క వేసుకుంటాడు, మనవడు ఇంకా నిక్కరు గుండీ పెట్టుకోవడం నేర్వకపోయినా.

ఇక్కడ పరిశీలనకు తీసుకున్న రూపకం గోవర్ధనోద్ధరణం. భాగవతంలో కృష్ణుడు కొండను ఏడు రోజులు మోశాడు. వార్షికోత్సవంలో పెన్‌డ్రైవులోని పాట ఎంతసేపుంటే అంతసేపు మోస్తాడు. కృష్ణులు ముగ్గురు. ఇది ఉపాధ్యాయుల చాపల్యం కాదు. పూర్వం కాంట్రాక్టు నాటకాలలో, అనగా పేరున్న నటులను ఒక్కొక్కరినీ ఒక్క రాత్రికి మాట్లాడి తెచ్చి కలిపి ఆడించే నాటకాలలో, ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు ఉండేవారు. అప్పుడు జనాన్ని రప్పించడానికి, ఇప్పుడు తల్లిదండ్రులు అలగకుండా ఉండడానికి. ముగ్గురిలోనూ, పన్నెండుమంది గోపికలలోనూ, చివరికి ఆవులలోనూ చోటు దక్కనివారిని కొండ వెనుక నిలబెట్టారు. థర్మోకోల్‌కు ఆకుపచ్చ రంగు పూసి వెదురు బద్దలతో కట్టిన ఆ కొండను ఎత్తవలసిందీ దించవలసిందీ వారే. మన తాతగారి మనవడు ఎడమ కొస.

అభినయంలో ఆహార్యమని ఒక భాగం ఉంది. వేషం, అలంకారం దాని కిందికి వస్తాయి. ఈ పాత్రకు ఆహార్యం పది కాలివేళ్ళు, అంతే, కొండ అంచు కింద అంతకుమించి కనిపించలేదు. అయితే కూచిపూడి భామాకలాపంలో ఇద్దరు పట్టుకున్న తెర మీదుగా ముందు జడ మాత్రమే బయటపడుతుందని, సత్యభామ ఎంతటిదో ఆ జడ చూసే జనం గ్రహిస్తారని తెలిసినవారికి ఇది లోపంగా తోచదు. అక్కడ తెర పైన జడ, ఇక్కడ కొండ కింద వేళ్ళు. పైగా తాతగారు ఇరవయ్యేళ్ళుగా రొయ్యల చెరువు గట్టున చెక్ ట్రే, అంటే మేత మిగిలిందో లేదో చూడటానికి నీళ్ళలోకి దించే వల పళ్ళెం, పైకి లాగి, ఎగిరిపడే రొయ్యలలో నలతగా ఉన్న ఒక్కదాన్ని టార్చిలైటు వెలుగులో పోల్చుకునే మనిషి. పన్నెండు అడుగుల దూరంలోని సొంత వేళ్ళు ఆయనకు ఒక లెక్కా?

“బావగారూ, ఆ ఎడమ కొసన ఉన్నవి మనవాడివే,” అన్నారాయన పక్కనున్న వియ్యంకుడితో.

“తెలుస్తూనే ఉందిగా బావగారూ. ఆ బొటనవేలు అచ్చం మా నాన్నగారిది.”

ఈ మాట తాతగారి మనసును నొప్పించినా ఆయన తొణకలేదు. కూచిపూడిలో ప్రతి ముఖ్యపాత్రా తానెవరో చెప్పుకుంటూ ప్రవేశదరువు, అంటే రాకడ పాట, ఆడుతూ వస్తుంది. కొండ వెనుకవాడికి ఆ అవకాశం లేదు గనుక ఆ బాధ్యత తాతగారు తీసుకుని, ముందు వరుసవారికీ వెనుక వరుసవారికీ, మజ్జిగ ప్యాకెట్లు పంచుతున్న కుర్రవాడికీ మనవడి వంశం, తరగతి, ఎడమ కొసకున్న బరువు సవిస్తరంగా వినిపించారు. వేలు పెట్టినవాడు కృష్ణుడే కావచ్చు గాని మోసినవాడెవడో చూడమని ఆయన వాదం, ఇది యాంత్రికంగా సరైనదేనని ఒప్పుకోక తప్పదు. మూడో కృష్ణుడు నడుమ చెయ్యి దించి నెమలిపింఛం సవరించుకున్నాడు, కొండ కదలలేదు. తాతగారు వియ్యంకుడి మోకాలు గట్టిగా నొక్కారు.

పాట ముగిసింది, కొండ దిగింది, కృష్ణుడు దండం పెట్టి వెళ్ళిపోయాడు, మైకులో తరువాతి అంశం పేరు కూడా చదివారు. అప్పుడు తాతగారు లేచి, యాభయ్యేళ్ళుగా వాడని గొంతుతో, ‘వన్స్‌మోర్!’ అన్నారు. పెన్‌డ్రైవుకు ఆ పిలుపు అర్థం కాదు, అర్థమయ్యే హార్మోనిస్టు అక్కడ లేడు. జనం నవ్వారు.

కృష్ణుడు లేని రంగం మీద, పాట లేకుండా, గోవర్ధనగిరి ఎడమ కొస ఒక్కటీ జానెడు పైకి లేచింది.