కాలర్ మైకు చెప్పుకున్న కథ

ఈ కాలర్ మైకు ఒళ్లంతా తీగే. ఆరు మీటర్ల నల్ల తీగ. ఒక కొసన ఫోనులో దూర్చే పిన్ను, రెండో కొసన బఠాణీ గింజంత చెవి, దాని మీద స్పాంజి టోపీ. నడుమ చిన్న డబ్బీలో ఒక బటన్ సెల్లు, ఫోనుకో కెమెరాకో మార్చుకునే మీట. కోఠి గుజరాతీ గల్లీ దుకాణాల్లో ఇలాంటివి వెయ్యి రూపాయల లోపే దొరుకుతాయి. పాడ్‌కాస్ట్ వీడియోల్లో మనిషి మూతికి అడ్డంగా దర్జాగా వేలాడే షూర్ ఎస్ఎం7 వంశం వేరు. అది 1973లో పుట్టింది, మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ పాటలు పాడింది దాని ముందే. ఈ మైకు విన్న మొదటి మాట “హలో, వస్తుందా?” అన్నది.

ఇది ఆత్మకథ కాబట్టి ఒక మనవి. ‘నేను’ అనడం ఈ మైకుకి చేతకాదు. పుట్టిన దగ్గర్నుంచి ఇంకొకరి ‘నేను’ మోయడమే దాని పని.

కొన్నవాడు దేవరకొండ వైపు కుర్రాడు. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ వెనక సందులో, నాలుగు మంచాల హాస్టల్ గదిలో ఉండి గ్రూప్-2కి చదువుతుండేవాడు. 2022 డిసెంబరులో 783 పోస్టులకు నోటిఫికేషన్ పడింది. ఆ తర్వాత వాయిదాల మీద వాయిదాలు. పరీక్ష జరిగేసరికి 2024 డిసెంబరు 15, 16 తేదీలు వచ్చాయి. నాలుగు పేపర్లు, 600 మార్కులు. చదివిందే చదవడం విసుగెత్తి, తన నోట్సు తానే చదివి రికార్డు చేసుకుని మెస్సు క్యూలో, మెట్రోలో విందామనుకున్నాడు. ఈ మైకు అతని కాలరెక్కింది అందుకే. పాడ్‌కాస్ట్ ఆలోచన అప్పటికి లేదు, సమాజసేవ ఊసు అసలే లేదు.

ఇది ఒక వైపు మాత్రమే వినే మైకు కాదు. చుట్టూ ఉన్నదంతా వింటుంది. ముల్కీ నిబంధనల పాఠం మధ్యలో “ఉల్లిగడ్డలు, ఉల్లిగడ్డలు” అంటూ ట్రాలీ ఆటో స్పీకరు దూరేది. పెద్దమనుషుల ఒప్పందం మీద మెస్సు స్టీలు ప్లేట్లు మోగేవి. అందుకే రాత్రి పన్నెండు దాటాక ఫ్యాను ఆపి, తల మీదుగా దుప్పటి కప్పుకుని రికార్డు చేయడం మొదలుపెట్టాడు. దుప్పటి గోడల ప్రతిధ్వనిని పీల్చేస్తుంది. మే నెలలో మనిషిని కూడా పీల్చేస్తుంది. చెమట కాలరు దాటి ఈ మైకు క్లిప్పు దాకా వచ్చేది.

ఆ రికార్డులు గదిలోవాళ్లు అడిగారు, వాళ్ల దగ్గర పక్క హాస్టలువాళ్లు తీసుకున్నారు. టెలిగ్రాంలో చేతులు మారి మారి మలక్‌పేటలో ఉండే ఒక అభ్యర్థికి చేరాయి. ఆయనకు చూపు లేదు. ఒక ఆదివారం స్నేహితుడి భుజం పట్టుకుని హాస్టలుకే వచ్చాడు. పొగుడుతాడనుకుని కుర్రాడు టీ తెప్పించాడు.

“తమ్మీ, గొంతు బరువు చేసి చదవకు. మేమెట్లాగూ రెండింతల స్పీడు పెట్టుకొనే వింటం. నువ్వు సాగదీస్తే మాట ముద్దయితది.”

“సరే అన్నా.”

“ఇంకోటి. పట్టిక మొత్తం చదివినవ్. అండ్ల ఏమున్నదో మాత్రం చెప్పలే.”

ఆ పట్టిక కృష్ణా జలాలది. ‘811, 512, 299’ అని అంకెలు వరసగా చదివేశాడు. కళ్లున్నవాడికి గీతలూ గళ్లూ సగం అర్థం చెబుతాయి. చెవికి ఆ సాయం లేదు. మళ్లీ రికార్డు చేయబోతే కుర్రాడికి మాటలు దొరకలేదు. బట్టీ పట్టాడే తప్ప తనకూ తెలియదని ఈ మైకుకి తెలిసిపోయింది. పుస్తకాలు తిరగేశాడు. బచావత్ ట్రైబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి ఇచ్చినవి 811 టీఎంసీలు. రాష్ట్రం విడిపోయాక 2015లో తాత్కాలిక సర్దుబాటుగా ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299. పటం సంగతి ఇంకా కష్టం. మహాబలేశ్వర్ దగ్గర పుట్టిన నది జూరాల, శ్రీశైలం దాటి సాగర్‌కు ఎలా వస్తుందో పటం చూడలేని మనిషికి చెప్పాలి. చెబుతూ చెబుతూ తన ఊరి దగ్గర ఆగిపోయాడు. సాగర్ పక్కనే ఉన్నా దేవరకొండ పొలాలకు కాలువ నీళ్లు ఎందుకు ఎక్కలేదు? ఊరు ఎత్తున ఉంది, నీళ్లు కింద ఉన్నాయి. అందుకే పుట్టంగండి దగ్గర మోటార్లతో ఎత్తిపోయాల్సి వచ్చింది. చిన్నప్పటి నుంచి ఇంట్లో వింటున్న నీళ్ల గోస అతనికి పాఠంగా అర్థమైంది ఆ రాత్రే. ఎదుగుదల అంటూ జనం చెప్పుకునేదాన్ని ఈ మైకు దగ్గరగా చూసింది అప్పుడే.

నాలుగో పేపరు తెలంగాణ ఉద్యమం. ఒక భాగాన్ని గదిలో కాకుండా ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రికార్డు చేశాడు. 2009 నవంబరు 29న ప్రత్యేక రాష్ట్రం కోసం శ్రీకాంతాచారి ఒంటికి నిప్పంటించుకున్నది అక్కడే. డిసెంబరు 3న చనిపోయాడు. డిసెంబరు 9 రాత్రి తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చింది. ప్రశ్నల పుస్తకంలో ఇవి మూడు తేదీలు. ఫ్లైఓవరు కింద లారీల హారన్ల మధ్య నిలబడితే అతని గొంతు తేదీల దగ్గర తడబడింది. ఆ తడబాటును కత్తిరించలేదు. ఈ మైకును అడిగినా అదే సలహా ఇచ్చేది.

చట్టం సంగతీ చెప్పాలి, చాలామంది ఇక్కడే పొరబడతారు. ఎవరి పుస్తకాన్నో అనుమతి లేకుండా చదివి అందరికీ వినిపిస్తే అది కాపీరైట్ ఉల్లంఘన. 2012 సవరణ తర్వాత మన చట్టం, లాభాపేక్ష లేకుండా చూపులేనివారికి ఆడియో రూపంలో ఇవ్వడాన్ని అనుమతిస్తుంది. దీని కోసమే పుట్టిన మరకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకంటే ముందు ఆమోదించింది భారతదేశమే. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం అలాంటి పుస్తకాలను ఒక్కచోట చేర్చింది. అందుకని కుర్రాడు రెండు దారులు పెట్టుకున్నాడు. పుస్తకాల చదువు చూపులేని అభ్యర్థుల గ్రూపుకే. సొంతంగా రాసుకున్న పాఠాలు మాత్రం అందరికీ, పాడ్‌కాస్టుగా.

సొంత గొంతుతో జనానికి చెప్పే ఈ దారిలో పెద్దవాళ్లు ముందే నడిచారు. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళల ‘సంఘం రేడియో’ ఉంది. నడిపింది జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే దళిత మహిళలు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చినా, స్వచ్ఛంద సంస్థలకు రేడియో అనుమతులు 2006 విధానంతో గానీ రాలేదు. ఆ లోపు వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. విత్తనాల ముచ్చట్లు, పాటలు రికార్డు చేసి క్యాసెట్లుగా ఊరూరా తిప్పారు. 2008 అక్టోబరు 15న రేడియో 90.4 ఎఫ్ఎం మీద మోగే వేళకు కార్యక్రమాలు సిద్ధంగా ఉన్నాయి. పరీక్ష వాయిదా పడిందని హాస్టలంతా మంచం దిగని రోజుల్లో కుర్రాడు ఈ కథను పాడ్‌కాస్టులో ఒక భాగంగా చెప్పాడు. ఈ మైకుకి అతని అన్ని భాగాల్లోకీ నచ్చింది అదే.

పాడ్‌కాస్టు పెడితే జీవితం మారిపోతుందని చెప్పేవాళ్లను ఈ మైకు అంతగా నమ్మదు. కుర్రాడికి గ్రూప్-2 రాలేదు. వినేవాళ్లు లక్షల్లో లేరు. చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటరులో గంటల లెక్కన పాఠం చెబుతున్నాడు. బోర్డు మీద బొమ్మ గీసినా దాన్ని నోటితో కూడా చెబుతాడు, చివరి బెంచీలో చూపు లేనివాళ్లున్నా లేకపోయినా. మలక్‌పేట అన్న ఇప్పటికీ ప్రతి పాఠానికీ తప్పులు ఎత్తిచూపుతూ వాయిస్ మెసేజి పెడతాడు. స్క్రైబుతో, అంటే బదులు రాసిపెట్టే మనిషితో, రాసే పరీక్షలో గంటకు ఇరవై నిమిషాలు అదనంగా ఇస్తారు గానీ, చదువుకునే రోజుల్లో పోయిన టైము ఎవరూ కలపరని ఆయన మాట.

ఈ మైకు స్పాంజి టోపీ ఎప్పుడో మెట్రోలో జారిపోయింది. క్లిప్పు విరిగితే బట్టల క్లిప్పు కట్టారు. తీగ లేని మైకు వచ్చాక దీన్ని ఒక డీఎస్సీ అభ్యర్థికి ఇచ్చేశాడు. ఆమె గొంతు సన్నం, చదవడంలో తప్పులు తక్కువ.

దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట వైపు ఉండేవాళ్లకు చివరిగా ఒక విన్నపం. చదివిపెట్టే గొంతుల కోసం చూసే అభ్యర్థులు మీ వీధిలోనే ఉంటారు. ఫోను, ఒక చవక మైకు, ఒక దుప్పటి సరిపోతాయి. మొదట వాళ్లకు ఏ పాఠం కావాలో అడగండి. పేజీ సంఖ్య చెప్పండి, పట్టికను విడమరిచి చెప్పండి, మాటను సాగదీయకండి. రికార్డు నొక్కే ముందు మీట ఫోను వైపు ఉందో లేదో ఒకసారి చూసుకోండి.