గిటార్ నేర్చుకునే విధానం: అన్ని షిఫ్టులవారికీ

గోదావరిఖనిలో గిటార్ కొనే కాలం ఒకటుంది. దసరాకు సింగరేణి లాభాల వాటా పడుతుంది, దీపావళికి బోనస్. 2023-24 లాభాల్లో కొంత పక్కన పెట్టి, మిగిలినదాంట్లో 33 శాతం పంచినప్పుడు కొందరు ప్లాటు చూసుకున్నారు, కొందరు అప్పు తీర్చుకున్నారు. నలభై దాటిన మాలాంటివాళ్లం గిటార్ తెచ్చుకున్నాం. మీరూ తెచ్చుకున్నారా? అయితే ఈ సూచనలు మీకే.

ముందు సామాను. కవరు, బెల్టు, స్టాండు, కేపో, రకరకాల పిక్‌లు అన్నీ ఇంటికి చేరేదాకా తీగ ముట్టొద్దు. శ్రుతి చూసే యాప్ ఫోన్లో ఉచితమే. అయినా మిషనే కొనండి.

గురువు యూట్యూబ్‌లో దొరుకుతాడు. ఏ వీడియో అయినా సగంలో ఆపండి, పక్కన ఇంకా తేలికైనది కనబడుతుంది.

అసలు కిటుకంతా సాధనకు టైం పెట్టుకోవడంలో ఉంది. ఇందులో సింగరేణివాళ్లంత అదృష్టవంతులు లేరు. ఫస్టు షిఫ్టు వారం ఏడింటికల్లా మస్టర్ పడాలి, ఐదుకే లేవాలి, కాబట్టి రాత్రిపూట కుదరదు. మూడింటికి డ్యూటీ దిగివస్తే నడుము వాల్చాలి. సెకండ్ షిఫ్టు వారం రాత్రి పదకొండు దాటాక తీగ మీటామో, పక్క క్వార్టరాయన గోడ కొడతాడు, ఆయనది ఫస్టు షిఫ్టు మరి. నైట్ షిఫ్టు వారం కిటికీకి దుప్పటి కట్టుకుని పగలు పడుకుంటాం. పిల్లల్నే చప్పుడు చేయొద్దనేవాళ్లం, మనమెట్లా వాయిస్తాం? ఆదివారం డ్యూటీ, అదే ప్లేడే, దొరికితే డబుల్ జీతం ఎవరొదులుకుంటారు? ఇంతలో మళ్లీ ఫస్టు షిఫ్టు వస్తుంది. వీటిలో ఒక్కటీ అబద్ధం కాదు, అదే చిక్కు. క్వార్టరు ముందు కుర్చీ వేసుకుని ఫోన్ చూసే అరగంట మాత్రం ఏ షిఫ్టులోనైనా దొరుకుతోంది.

వేళ్ల నొప్పికి భయపడకండి, మన చేతులు ముందే కాయలు కాసినవి. కాకపోతే బొగ్గెత్తే తట్టా చెమ్మస్ పట్టిన కాయలు అరచేతిలో ఉంటాయి, గిటార్‌కు కావాల్సినవి ఎడమచేతి వేళ్ల కొసల్లో. ఎఫ్ కార్డు దగ్గర ఈ తేడా తెలుస్తుంది. చూపుడువేలు అడ్డంగా పరిచి మొదటి ఫ్రెట్‌లో ఆరు తీగలూ ఒక్కసారే నొక్కాలి. నట్‌కు దగ్గర కాబట్టి అక్కడ తీగ ఓ పట్టాన లొంగదు. ఐదు పలుకుతాయి, ఒకటి టక్కుమని మూగబోతుంది. చాలా గిటార్లు గోడకెక్కేది ఇక్కడే. నిజం చెప్పాలంటే, నొప్పిని ఓర్చుకోవచ్చు. ఇరవై ఏళ్ల సర్వీసులో పనిమంతుడని పేరు తెచ్చుకున్న మనిషికి ఆరో తరగతి కూతురి ముందు తప్పు వాయించాలంటే ప్రాణం పోతుంది.

ఇళయరాజా జి.కె. వెంకటేశ్ దగ్గర గిటార్ వాయించి, ఆ తర్వాతే సంగీత దర్శకుడయ్యారు. మీరు ఆ మొదటి మెట్టు వదిలేసి నేరుగా బాణీలు కట్టండి.

రామగుండం ఎండలకు శ్రుతి నిలవదు. మార్చి నుంచి జూన్ దాకా సెలవు.

ఎఫ్ కార్డులో ఆరు తీగలూ పలికించినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే ఒక్కసారి మా క్వార్టరుకు రండి. ఈ వారం నాది సెకండ్ షిఫ్టు, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఖాళీయే.