బగ్గు బావ

సూళ్లూరుపేటలో వీధికొక బగ్గు బావ ఉంటాడు. ఉద్యోగం చెన్నై కంపెనీలో; కరోనాకి ఇంటికొచ్చి, ల్యాప్‌టాప్‌తో సహా ఇక్కడే పాతుకుపోయాడు. షార్ నుంచి రాకెట్ లేచిందంటే మేడల మీద పిల్లాపెద్దా చప్పట్లు కొడుతుంటారు. ఆయన మాత్రం పొగచార వంక కళ్ళు చికిలించి, "యాంగిల్ తేడాగా లేదూ?" అంటాడు. పక్షుల పండక్కి వెళ్ళి, పులికాట్‌లో ఒంటికాలి మీద నిలబడ్డ ఫ్లెమింగోని చూసి, "రెండోది లోడ్ కాలేదు" అన్న మనిషి మరి.

నిజంగా తేడా వచ్చిన ప్రయోగాలైతే ఆయనకు కంఠతా. 1993 సెప్టెంబరు 20న తొలి పీఎస్ఎల్‌వీ దారి తప్పింది. ప్రోగ్రాములో ఒక అంకె దానికిచ్చిన హద్దు దాటిందట. "ఆ మాత్రం చెక్ పెట్టుకోరూ?" అని బావ ఇప్పటికీ నొచ్చుకుంటాడు. ఇక 2022 ఆగస్టు 7 నాటి తొలి ఎస్ఎస్ఎల్‌వీ సంగతెత్తితే చేతిలో టీ చల్లారాల్సిందే. రెండో దశ విడిపోయేటప్పుడు కాసేపు విపరీతంగా అదిరింది. సెన్సర్లు చెడితే కనిపెట్టాల్సిన లాజిక్, ఆ అదురు చూసి బాగున్న సెన్సర్లనే చెడిపోయాయని తేల్చేసింది. 356 కిలోమీటర్ల ఎత్తున గుండ్రంగా తిరగాల్సిన ఉపగ్రహాలు ఒకవైపు 76 కిలోమీటర్లకు దిగిపోయి, దక్కకుండా పోయాయి. "చూశావా అబ్బయా, తప్పు పట్టడానికి పెట్టిందే తప్పు చేసింది!" ఇస్రో వాళ్ళు కమిటీ వేసి, కారణం బయటపెట్టి, లాజిక్‌తో పాటు దశలు విడిపోయే ఏర్పాటు కూడా మార్చి, 2023 ఫిబ్రవరి 10న మళ్ళీ ఎగరేసి గెలిచారు. ఆ భాగం బావ ఒక్క ముక్కలో తేల్చేస్తాడు.

ఆయన ప్రోగ్రాము ఆగిందంటే కమిటీ అక్కర్లేదు.

"నా సిస్టంలో బాగానే వస్తోందే!"

తర్వాత క్యాష్. తర్వాత నెట్‌వర్క్. తర్వాత, "చివర్లో ఎవరు ముట్టుకున్నారు?" దొంగని పట్టిద్దామని గిట్ బ్లేమ్ తెరిస్తే, లైను లైనుకీ తన పేరే. అటూ ఇటూ చూసి విండో మూసేశాడు. అందరూ పడుకున్నాక, నాలుగు లైన్లకొకచోట "ఇక్కడిదాకా వచ్చింది 1", "ఇక్కడిదాకా వచ్చింది 2" అని ప్రింట్లు పెట్టుకుంటూ వెళ్ళాడు. మూడు రాలేదు. అక్కడ జనవరి 31కి నెల కలిపి బిల్లు తేదీ వేస్తోంది. ఫిబ్రవరికి ముప్పై ఒకటో తారీఖు ప్రసాదించింది బావే.

సరిచేశాడు. ప్రింట్లు తీసేశాడు, రెండోది తప్ప. పొద్దున్నే టెస్టరమ్మ ఫోను: "ఇప్పుడు వస్తోంది సార్. ఇంతకీ తప్పు ఎక్కడ?"

"మీరిచ్చిన తేదీలో అమ్మా."