రెండో పాటదారు కోసం: ఒక పాత కెమెరా ఆత్మకథ

నా పేరు పెంటాక్స్ కె1000. జపాన్‌కు చెందిన అసాహీ ఆప్టికల్ కంపెనీ 1976లో ఈ మోడల్‌ను బజారులో పెట్టింది. మొదట్లో జపాన్‌లోనే తయారుచేశారు. రెండేళ్ళకు పని హాంకాంగ్‌కు, 1990లో చైనాకు మారింది. 1997లో తయారీ ఆపేశారు. నేను హాంకాంగ్‌లో పుట్టినదాన్ని. నా షటర్ పూర్తిగా స్ప్రింగుల మీద నడుస్తుంది. సెకను మొదలుకొని సెకనులో వెయ్యో వంతు దాకా ఏ వేగానికీ కరెంటు అక్కర్లేదు. అడుగున వేసే చిన్న సెల్ వెలుగును కొలిచే ముల్లు కోసమే. ముల్లు మధ్యలో నిలిస్తే వెలుగు సరిపోయినట్టు, పైకి పోతే ఎక్కువైనట్టు, కిందికి దిగితే చాలనట్టు. ఆటోమేటిక్ సదుపాయం ఒక్కటీ లేదు కాబట్టి నాతో ఫొటో తీయాలంటే ఫొటో తీయడం నేర్చుకోవలసిందే. అందుకే అమెరికాలో ఫొటోగ్రఫీ చెప్పే మేష్టర్లు ఏళ్ళ తరబడి పిల్లల చేత నన్ను కొనిపించారు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. నా ధర ఎప్పుడు లేస్తుందో, ఎప్పుడు పడుతుందో చెప్పే కీలకం ఇందులోనే ఉంది.

నా మొదటి యజమాని ఒహాయో రాష్ట్రంలో కాలేజీ కుర్రాడు. చదువు, పెళ్ళి, పిల్లలు అన్నీ నా లెన్స్ ముందు నుంచే సాగాయి. డిజిటల్ కెమెరాలు వచ్చాక నన్ను బీరువా పై అరలోకి చేర్చాడు. అక్కడ చాలా ఏళ్ళు ఉన్నాను. ఆయన పోయాక పిల్లలు ఇల్లు ఖాళీ చేశారు. అమెరికాలో అలాంటప్పుడు సామాను మొత్తానికి ధర చీటీలు అంటించి, తలుపులు బార్లా తీసి, ఊరి వాళ్ళకు అమ్మేస్తారు. ఎస్టేట్ సేల్ అంటారు. 2017 జూన్‌లో ఒక శనివారం ఉదయం నన్ను, నాలాంటిదే ఇంకో కె1000ను, ఒక ఫ్లాష్‌ను ఒకే అట్టపెట్టెలో కలిపి ఒకావిడ కొనుక్కుంది.

ఆవిడకు ఇదే జీవనాధారం. ఉద్యోగం పోయాక పాత సామాను కొని, శుభ్రం చేసి, ఈబే అనే ఇంటర్నెట్ బజారులో వేలం వేసుకుంటూ ఇల్లు గడుపుతోంది. ఈబేను పియర్ ఒమిడ్యార్ 1995 సెప్టెంబరులో కాలిఫోర్నియాలో మొదలుపెట్టాడు. అందులో మొట్టమొదట అమ్ముడైన వస్తువు పాడైపోయిన లేజర్ పాయింటర్. 14.83 డాలర్లు పలికింది. అది పాడైందని తెలిసే కొన్నాడు కొన్నవాడు, అలాంటివి కూడబెట్టడం అతని సరదా. ఏ వస్తువుకైనా ఎక్కడో ఒకచోట కావలసినవాడు ఉంటాడన్న నమ్మకం మీదే ఆ బజారు లేచింది. అతను ఎప్పుడు వస్తాడన్నదే మా బతుకులను తేల్చే ప్రశ్న.

జులై మొదటి వారం. అద్దె కట్టాలి. ఇద్దరిలో నా జోడీ బాగుంది, నాకే చిన్న రిపేరు ఉంది. ఆవిడ జోడీకి ఫొటోలు తీసి ఏడు రోజుల వేలం పెట్టింది. అక్కడ వేసవి అంటే బడులకు సెలవులు, కుటుంబాలు సముద్రపు ఒడ్డుకో కొండలకో పోయే రోజులు. సాయంత్రం తొమ్మిదింటి దాకా వెలుగు ఉంటుంది, కంప్యూటర్ ముందు కూర్చునే మనిషే ఉండడు. ఆదివారం రాత్రి పాట ముగిసింది. జోడీ 41 డాలర్లకు పోయింది. ఈబే రుసుము, డబ్బులు చేర్చే కంపెనీ రుసుము, పెట్టె ఖర్చు పోగా ఆవిడ చేతిలో ముప్పై పైచిలుకు మిగిలింది.

అసలు వేలంపాటలో ధర ఎవరు నిర్ణయిస్తారో చెప్పాలి. అందరికంటే ఎక్కువ కోరుకున్నవాడు నిర్ణయిస్తాడని అనుకుంటాం. ధర నిజంగా అతని వెనక నిలిచినవాడి చేతిలో ఉంటుంది. ఈబేలో కొనేవాడు తాను ఇవ్వగలిగిన గరిష్ఠ మొత్తం ముందే నమోదు చేసుకుంటాడు. అది ఇతరులకు కనిపించదు. ఇంకొకరు పాట పెంచినప్పుడల్లా యంత్రమే అతని తరఫున ఒక్కో మెట్టు పెంచుతుంది. 25 నుంచి 100 డాలర్ల లోపు మెట్టు ఒక డాలరు. రెండోవాడు 40 దగ్గర ఆగిపోతే, మొదటివాడు 120కి సిద్ధపడినా 41కే గెలుస్తాడు. రెండో ధరే అమ్మకపు ధరయ్యే ఇలాంటి వేలాన్ని విలియం వికరీ అనే ఆర్థికవేత్త 1961లోనే లెక్కగట్టి చూపించాడు. వేలం మీద చేసిన కృషిని కూడా లెక్కలోకి తీసుకుని 1996లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు.

కాబట్టి వేలంలో అమ్మాలంటే ఒక్కడు వస్తే చాలదు, ఇద్దరు కావాలి. నిర్ణీత ధర చీటీ అంటించిన కొట్లో బేరం మందగిస్తే సరుకు ఆలస్యంగా కదులుతుంది, ధర అలాగే ఉంటుంది. వేలంలో మాత్రం రెండో పాటదారు ఊరు వెళ్ళాడంటే ఆ నష్టం మొత్తం అమ్మేవాళ్ళ నెత్తిన పడుతుంది. వేలం వేసి అమ్మేవాళ్ళను వేసవి అంతగా దెబ్బతీయడానికి కారణం ఇదే.

పైగా సరుకు దొరికేదీ అప్పుడే. చలికాలం పోగానే అమెరికన్లు ఇళ్ళు సర్దుకుంటారు. ఎండలు మొదలయ్యాక ఇంటి ముందు పచ్చికలో బల్లలు వేసి పాత సామాను అమ్ముతారు. కొనదలచినవాళ్ళకు ఊరంతా సరుకే, అమ్మదలచినవాళ్ళకు కొనేవాడు లేడు. చేతిలో ఉన్న డబ్బు సరుకులో ఇరుక్కుపోయే రోజులు, అద్దె మాత్రం నెల నెలా అడిగే రోజులు.

ఆవిడ ఇంటి గోడకు ఒక క్యాలెండరు వేలాడుతుంటుంది. నేను ఎదురుగా అరలో ఉండేదాన్ని కాబట్టి అందులో ఎర్ర సిరాతో రాసుకున్నదంతా నాకు కంఠతా వచ్చేసింది. జనవరిలో క్రిస్మస్ కానుకల్లో నచ్చనివన్నీ వేలానికి వచ్చి పడతాయి, అందుకని మామూలు సామాను అప్పుడు పెట్టకూడదు. బహుమతిగా డబ్బు అందుకున్నవాళ్ళు తమ కోసం ఏదైనా కొనుక్కునేది కూడా ఆ నెలే, అందుకని సేకరణ వస్తువులు పెట్టవచ్చు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆదాయపన్ను వాపసు చేతికొస్తుంది. చిన్న జీతగాళ్ళకు ఏడాదిలో ఒకేసారి పెద్ద మొత్తం కనబడేది అప్పుడే. కుట్టుమిషన్లు, పనిముట్లు, సంగీత వాయిద్యాలు అప్పుడు కదులుతాయి. ఏప్రిల్ 15 పన్ను లెక్కలకు గడువు, బాకీ ఉన్నవాళ్ళు ఆ వారం జేబు తెరవరు. ఆగస్టు చివర బడులు, కాలేజీలు తెరుస్తారు, ఫొటోగ్రఫీ నేర్చుకునే పిల్లలు నాలాంటివాళ్ళను వెతికేది అప్పుడే. అక్టోబరు నుంచి కోట్లు, ఉన్ని బట్టలు. నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్, ఆ రాత్రి ముగిసేలా వేలం పెట్టకూడదు. తర్వాత మూడు వారాలు ఏడాది మొత్తానికి తిండి పెట్టే రోజులు. డిసెంబరు నడుమ దాటితే పార్సిల్ పండగలోపు చేరుతుందో లేదోనని కొనేవాళ్ళు వెనక్కి తగ్గుతారు. వేలం ముగిసే గంటకు కూడా లెక్క ఉంది. న్యూయార్క్‌లో రాత్రి తొమ్మిదైతే కాలిఫోర్నియాలో సాయంత్రం ఆరు. రెండు తీరాల వాళ్ళూ మేలుకొని ఇంట్లో ఉండే ఆదివారం ఆ వేళే ఆవిడ ఎంచుకునేది.

నా రిపేరు ఆ జులైలోనే అయింది. నా వెనక తలుపు అంచుల్లో వెలుగు చొరబడకుండా సన్నటి నల్లని స్పాంజి పట్టీలు ఉంటాయి. ఏళ్ళు గడిస్తే అవి కరిగి జిగట తారు అవుతాయి, ముట్టుకుంటే వేలికి అంటుకుంటాయి. ఆవిడ వెదురు పుల్ల చివర దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, ఆ గాడిలోని జిగటను కొంచెం కొంచెంగా గీకి తీసింది. తొందరపడితే ముక్కలు షటర్ తెరమీద పడతాయి, తెర పాడైతే నేను పనికిరాను. అందుకని నన్ను బోర్లా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కో అంచు శుభ్రం చేసింది. కొత్త పట్టీలు కత్తిరించి అంటించింది. కొత్త సెల్ వేసి కిటికీ వైపు తిప్పితే ముల్లు లేచింది. ఒక రీలు వేసి ఫొటోలు తీసి కడిగించింది కూడా. ప్రకటనలో నా గుణాలతోపాటు పై మూత మీది సొట్ట, లెన్స్ అంచున ఉన్న గీత కూడా ఫొటోలతో చూపించింది. కంటితో చూడకుండా, చేత్తో పట్టుకోకుండా కొనే బజారులో అమ్మేవాళ్ళ మాటే సరుకు. లోపం దాచినవాళ్ళ పేరు కింద కొన్నవాళ్ళు రాసే నాలుగు మాటలు ఏ సీజన్ వచ్చినా చెరిగిపోవు.

ఆగస్టు ఆఖరి ఆదివారం నా వేలం ముగిసింది. ఆఖరి నిమిషంలోనే పాట పరుగెత్తింది. 91 డాలర్లు పలికాను. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే పెట్టెలో వచ్చిన ఇద్దరం. మా ఇద్దరి ధరలకూ మధ్య తేడా చాలా భాగం క్యాలెండరుదే.

నన్ను పార్సిల్ కట్టేలోపే ఆవిడ ఇంకొకటి చూసింది. జులైలో అమ్మిన నా జోడీ మళ్ళీ వేలానికి వచ్చింది. పై మూత మీద చెక్కిన నంబరు అదే. దాన్ని కొన్నది ఫొటో తీసేవాడు కాదు, మరో వ్యాపారి. బడులు తెరిచేదాకా అరలో పెట్టుకుని, నా ధరకు దగ్గరగా అమ్ముకున్నాడు. అతనికి ఆవిడకన్నా తెలివి ఎక్కువేమీ లేదు. జులై అద్దెకు అతనికి ఇబ్బంది లేదు, అంతే. ఆగడానికి కూడా డబ్బు ఉండాలి. ఆ ఏడు డిసెంబరు అమ్మకాల్లోంచి రెండు నెలల అద్దె పక్కన పెట్టాలని, కవరు మీద ‘వేసవి’ అని రాసి ఆవిడ అప్పుడే సొరుగులో పెట్టుకుంది.

నేను చేరిన ఇల్లు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఒక తెలుగు కుటుంబానిది. హైస్కూల్లో ఫొటోగ్రఫీ క్లాసులో చేరిన అమ్మాయి కోసం కొన్నారు. నా పెట్టె విప్పుతూ తండ్రీకూతుళ్ళు మాట్లాడుకున్న మాటలు విన్నాను.

“నాన్నా, నువ్వు 120 అని కొట్టావు కదా, 91కే ఎలా వచ్చింది?”

“మన వెనక ఉన్నవాళ్ళు 90 దగ్గర ఆగిపోయారమ్మా.”

“వేసవిలోనే కొనుంటే ఇంకా తక్కువకు వచ్చేదట, మా ఫ్రెండ్ చెప్పింది.”

“వచ్చేదే తల్లీ. మా రోజుల్లో విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత ఇంజినీరింగ్ పుస్తకాలూ అంతే. కాలేజీలు తెరిచిన వారం ఒక ధర, పరీక్షలయ్యాక ఒక ధర. పుస్తకం అదే, కావలసినవాళ్ళు ఎంతమంది అన్నదే తేడా.”

ఆ అమ్మాయి మొదటి రీలులో సగం ఫొటోలు నల్లగా వచ్చాయి. రెండో రీలుకు ముల్లును మధ్యకు తేవడం పట్టుబడింది. గుంటూరు నుంచి వచ్చిన అమ్మమ్మ కిటికీ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతుంటే తీసిన ఫొటోను స్కూలు చీకటి గదిలో తానే కడిగి తెచ్చింది. నన్ను తయారుచేసింది ఆ పని కోసమే.

ఏడాదిలో వచ్చే సీజన్లే కాక, తరాలతో వచ్చే సీజన్లు కూడా ఉన్నాయి. 2009లో కొడాక్ తన కొడాక్రోమ్ ఫిలిం ఆపేసింది, 2012 జనవరిలో దివాలా రక్షణ కోరింది. అప్పుడు నాలాంటివాళ్ళను ఊరికే ఇచ్చినా తీసుకోనివాళ్ళు ఉన్నారు. 2018లో ఎక్టాక్రోమ్ ఫిలిం తిరిగి బజారులోకి వచ్చింది. 2024లో పెంటాక్స్ పేరుతోనే కొత్త ఫిలిం కెమెరా వచ్చింది. డిజిటల్ కాలంలో పుట్టిన పిల్లలే ఇప్పుడు మమ్మల్ని వెతుక్కుంటున్నారు.

ఇండియాలోనూ ఈబే 2004లో బాజీ అనే వేలం బజారును కొని నడిపింది, 2018లో ఆ ఇండియా సైట్ మూతపడింది. వేలం లేకపోయినా పాత సామాను అమ్మే దారులు ఇప్పుడు ఫోన్లోనే ఉన్నాయి. సీజన్ల లెక్క అక్కడా చెల్లుతుంది. కూలర్ మార్చిలో, చదువుల పుస్తకాలు జూన్‌లో అడిగేవాళ్ళు ఎక్కువ. కాబట్టి మీ ఇంటి అటక మీద కెమెరా, రేడియో, కుట్టుమిషన్ ఏదున్నా తూకానికి వేసేముందు ఒక్కసారి దించి తుడిచి చూడండి. సెల్ ఉంటే తీసేయండి, కారితే లోపలి రాగి తీగలను తినేస్తుంది. పనిచేస్తుందో లేదో పరీక్షించండి, లోపం ఉంటే దాచకుండా చెప్పండి. తప్పనిసరి అవసరం లేకపోతే తొందరపడి అమ్మకండి. ఆ వస్తువుతో పని పడే నెల ఏదో తెలుసుకుని, ఆ నెల మొదట్లో బజారులో పెట్టండి.