కుక్కగారి గోత్రం

పెళ్లిచూపుల్లో గోత్రం అడగడం పాతకాలపు పద్ధతని తేల్చేసిన కుటుంబాలు కూడా కుక్కపిల్లను తెచ్చుకునేటప్పుడు మూడు తరాల ఆరా తీస్తున్నాయి. తండ్రి ఛాంపియనేనా? తల్లివైపు ఏమైనా కలిసిందా? ‘పేపర్లు’ ఉన్నాయా? ఉన్నాయంటే ధర పైకెక్కుతుంది. లేవంటే, ఆ పిల్ల ఎంత ముద్దుగా తోక ఊపినా ‘క్రాస్ అండీ’ అని పెదవి విరుపు.

ఈ మహావంశాల వయసెంత? కుక్క మనిషి పంచన చేరి కనీసం 14 వేల ఏళ్లయింది. జర్మనీలోని బాన్ నగరం దగ్గర 1914లో బయటపడ్డ ఆనాటి సమాధిలో మనుషుల ఎముకలతో పాటు కుక్క ఎముకలూ ఉన్నాయి. ఇన్ని వేల ఏళ్లూ అది ఏ కాయితం లేకుండానే కాపలా కాసింది, వేటాడింది. వంశాలు రాసిపెట్టే కెన్నెల్ క్లబ్ లండన్‌లో పుట్టింది 1873లో! అంతకుముందు, 1859లో న్యూకాజిల్‌లో పాయింటర్లు, సెట్టర్లు అనే వేటకుక్కల జాతులకు పోటీ పెట్టారు. పాయింటర్లకు తీర్పు చెప్పిన ఓ పెద్దమనిషి కుక్కకు సెట్టర్లలో మొదటి బహుమతి వచ్చింది. సెట్టర్లకు తీర్పు చెప్పిన మరో పెద్దమనిషి కుక్కకు పాయింటర్లలో. ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు మన సన్మాన సంఘాల సొంత విద్య అనుకునేవారు కాస్త తగ్గాలి.

గోల్డెన్ రిట్రీవర్‌ది మరీ రసవత్తరం. అది రష్యన్ సర్కస్ కుక్కల సంతానమని బ్రిటిష్ దొరలు దశాబ్దాల పాటు నమ్మారు. 1952లో ఈ జాతికి ఆద్యుడైన లార్డ్ ట్వీడ్‌మౌత్ కుక్కల పెంపకం లెక్కలు అచ్చయ్యాక గుట్టు బయటపడింది. 1868లో స్కాట్లండ్‌లో ఆయన నౌస్ అనే పసుపు రిట్రీవర్‌ను బెల్ అనే వాటర్ స్పానియల్‌తో జతకట్టించాడు. అంటే ‘ప్యూర్ గోల్డెన్’ మూలపుటమ్మ వేరే జాతిది. అచ్చమైన క్రాస్!

ఫారో హౌండ్ ఇంకా పైకి ఎగబాకింది. ఈజిప్టు సమాధుల గోడల మీద బొమ్మ తనదేనంది. 2004లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన జన్యు పరిశోధన ఆ ప్రాచీనతను కొట్టిపారేసింది. అసలది మాల్టా దీవుల్లో కుందేళ్లు పట్టే కుక్క.

ఇదంతా నవ్వుకోవడంతో సరిపోతే బాగుండేది. డాల్మేషియన్లకు ఒక జన్యులోపం ఉంది. మూత్రంలో యూరిక్ ఆమ్లం ఎక్కువై రాళ్లు కడతాయి. 1973లో రాబర్ట్ షైబుల్ అనే జన్యుశాస్త్రవేత్త ఒకే ఒక్కసారి పాయింటర్‌తో కలిపించి, తర్వాతి తరాలను మళ్లీ డాల్మేషియన్లతోనే కలుపుతూ ఆ లోపం లేని కుక్కలను సాధించాడు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1981లో రెండింటిని నమోదు చేసింది. జాత్యభిమానులు గగ్గోలు పెట్టగానే ఆపేసింది. మళ్లీ తలుపు తీసింది 2011లో. రాళ్లుంటే ఉన్నాయి, రక్తం మైలపడకపోతే చాలన్నమాట!

లాబ్రడార్లనూ జర్మన్ షెపర్డ్‌లనూ తుంటి కీలు వదులయ్యే జబ్బు పీడిస్తోంది. అందులో వంశపారంపర్యం వాటా పెద్దదే. కొనబోయేవారు తాతముత్తాతల బిరుదులు తర్వాత చదువుకోవచ్చు, ముందు తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు చూపించమని అడగండి.