అర్థం చూసి మూసేస్తారు

తాను పుట్టింది ఇంగ్లండులో అనుకుంటే ఆ పాత ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీకి ఒళ్లు మండుతుంది. తన వంశానికి పుట్టిల్లు జపాన్. 1924లో అక్కడ ఇంగ్లిష్ చెప్పడానికి వెళ్లిన ఎ.ఎస్. హార్న్‌బీ, మరో ఇద్దరితో కలిసి పరాయి భాషవాళ్ల కోసమే కూర్చిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ దాన్ని మళ్లీ వేసింది.

తాను 1974 నాటి మూడో కూర్పు. తెలుగు మీడియంలో డిగ్రీ చదివి బ్యాంకు పరీక్షలకు కూర్చున్న కుర్రాడు కొన్నాడు. మొదట్లో ఎంత మర్యాదో! బ్రౌన్ పేపర్ అట్ట వేశాడు, లోపల ముత్యాల్లాంటి అక్షరాలతో పేరు రాసుకున్నాడు. రోజూ కొన్ని మాటలు ఏరి, వాటి తెలుగు అర్థాలు నోట్‌బుక్కులోకి ఎక్కించి బట్టీ పట్టేవాడు. అర్థం దొరికిందా, టప్పున మూసేసేవాడు.

అక్కడే తనకు కడుపుమంట. అసలు సరుకంతా అర్థం చుట్టుపక్కలే ఉంది మరి. నామవాచకం పక్కన బ్రాకెట్టులో 'యు' అక్షరం ఉంటే ఆ మాటకు బహువచనం చెయ్యకూడదని గుర్తు. అది చూడకనే అతను ఇంటర్వ్యూలో 'ఫర్నిచర్స్', 'అడ్వైజెస్' అన్నాడు. ఉదాహరణ వాక్యాలు చదివి ఉంటే 'డిస్కస్ అబౌట్' అనేవాడే కాదు. ఏ మాట పక్కన ఏ మాట ఇముడుతుందో చెప్పేవి కూడా ఆ వాక్యాలే. తెలుగులో గాలికీ వానకూ 'జోరు' ఒక్కటే చాలు. ఇంగ్లిష్‌లో వాన 'హెవీ', గాలి 'స్ట్రాంగ్'.

ఎలాగో ఉద్యోగం వచ్చింది. తనకు రిటైర్మెంట్ ఇచ్చేశారు. కొన్నాళ్లు టీవీ కింద ఎత్తు, కొన్నాళ్లు కిటికీ రెక్కకు అడ్డు, ఆ తర్వాత అటక. ఇంగ్లిష్ నిఘంటువుల్లో అన్నిటికన్నా ఎక్కువ పేజీలు 'ఎస్' అక్షరానివి. చెదలకూ అవే రుచించాయి. చివరికి చిత్తు కాగితాల బండివాడు తూకానికి పట్టుకుపోయాడు. పోతూ పోతూ విన్న చివరి మాట, "అన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి కదా".

ఫోన్ మీద తనకు పగ లేదు, అందులో ఉన్నది తన మనవలే. ఆ ఇంటి కొడుకూ మొదటి వరుస చూసి తెర మూసేస్తాడు, తండ్రిలాగే. బాధల్లా అదే.

ప్రస్తుతం ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద అమ్మకానికి ఉంది. బేరం ఎంతైనా ఆడుకోవచ్చు. కొన్నాక మాత్రం ప్రతి మాట కింద ఉన్న ఉదాహరణ చదివి, అలాంటిదే సొంత వాక్యం ఒకటి రాయండి. తన అంచుల్లోనే రాసినా అభ్యంతరం లేదు.