రశీదు

ఖమ్మంలో మా పెదనాన్న రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. పెన్షన్ వచ్చింది గానీ బెంగ పోలేదు. పడుకోబోయే ముందు గ్యాస్ కట్టేశారో లేదో చూసేవారు. గేటు తాళం లాగి చూసేవారు. పక్క మీద వాలాక మళ్ళీ లేచి వెళ్ళి ఇంకోసారి లాగి వచ్చేవారు. కరెంటు బిల్లు రాకముందే ఎంతొస్తుందోనని లెక్కలు. అమెరికాలో ఉన్న కొడుకు ఆదివారం ఫోన్ చెయ్యకపోతే సోమవారానికి బీపీ పెరిగేది.

అలాంటి మనిషి ఒక శ్రీరామనవమికి భద్రాచలం వెళ్ళారు. తానీషా కాలం నుంచీ సర్కారు తరఫున ముత్యాల తలంబ్రాలు వచ్చే కళ్యాణం కదా, మిథిలా ప్రాంగణంలో ఎండకి ఓర్చుకుని కళ్ళారా చూసి, తలంబ్రాల పొట్లం జేబులో పెట్టుకుని మరో మనిషై తిరిగొచ్చారు.

"భారమంతా ఆయన మీద వేసేశానురా" అన్నారు.

ఆ మాట మనమందరం అంటాం. ఆయన నిజంగానే వేసేశారు. బిల్లుల వంక చూడటం మానేశారు. గేటు ఊసెత్తలేదు. ఇంటి పన్ను నోటీసు వస్తే దేవుడి గూట్లో రాముడి పటం కింద పెట్టి దండం పెట్టుకున్నారు. మర్నాటికి ఆ కాగితం అక్కడ లేదు, ఏమైందని ఆయన అడగనూ లేదు. చివరికి పొద్దున్నే వేసుకునే బీపీ మాత్ర కూడా వదిలేశారు. "ఇక తీర్థమే నాకు మందు."

నేను వెళ్ళినప్పుడల్లా ఉపదేశం తప్పదు.

"గోపన్న ఎవరనుకున్నావు? మా డిపార్టుమెంటు వాడే! పాల్వంచ పరగణా తహసీల్దారు. శిస్తు సొమ్ము పెట్టి గుడి కట్టించాడని తానీషా గోల్కొండ చెరసాలలో పడేశాడు. పన్నెండేళ్ళు! చివరికి ఆరు లక్షలూ ఎవరు కట్టారు? రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీ అని పేర్లు చెప్పుకుని, నడిరేయి తానీషా ముందు పైకం కుమ్మరించి, రశీదు రాయించుకుని మరీ వెళ్ళారు. నమ్మినవాడికి ఆడిట్ అబ్జెక్షన్ ఉండదురా!"

నిజానికి ఆ చెరసాలలో గోపన్న నిశ్చింతగా ఏమీ లేడు. ఏ నగకి ఎంతయిందో లెక్కచెప్పి మరీ రాముణ్ణి నిలదీశాడు. ఆనక నోరు జారానని బతిమాలుకున్నాడు. ఆ కీర్తనలు పెదనాన్న స్నానాల గదిలో కూనిరాగం తీస్తారు గానీ ఉపదేశంలోకి మాత్రం రానివ్వరు.

ఆ సంగతి ఎత్తితే ఆయన దగ్గర రుజువులు సిద్ధం.

"నేను కరెంటు బిల్లు కట్టి ఎన్నాళ్ళయిందో తెలుసా? ఫ్యూజు పీక్కుపోయారా? పన్ను కట్టమని మున్సిపాలిటీ వాళ్ళు మళ్ళీ గడప తొక్కారా? మొన్న డాక్టరు చూస్తే బీపీ 130, 80. మాత్ర ముట్టకుండా!"

ఏమనగలను? ఆ మొహంలో ఒక్క ముడత కూడా కొత్తది లేదు. పైగా పాతవి కొన్ని సాగినట్టున్నాయి. చెప్పొద్దూ, కాస్త అసూయగానే అనిపించింది.

ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను. తెల్లవారుజామున మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళితే పెద్దమ్మ అప్పటికే స్నానం చేసి, తడిజుట్టు ముడేసుకుని, పీట మీద కూర్చుని రెండు చెంచాల మధ్య ఏదో నలుపుతోంది. తెల్లటి పొడి. దాన్ని చిన్న వెండిగిన్నెలో నీళ్ళలో కలిపింది. నాలుగు తులసాకులు తుంచి వేసింది. చిటికెడు పచ్చకర్పూరం వేసి, వేలితో ముంచి నాలిక మీద రాసుకుని చూసి, ఇంకో చిటికెడు వేసింది.

నన్ను చూసి తడబడలేదు. "చేదు తెలియకుండా" అంది.

లోపలి గదిలోంచి పెదనాన్న గురక తాపీగా వినిపిస్తోంది.

"ఆయనకి తెలిస్తే, పెద్దమ్మా?"

"ఎలా తెలుస్తుంది? రామోజీ, లక్ష్మోజీ మాత్రం సొంత పేర్లు చెప్పి కట్టారా ఏం?"

బియ్యం డబ్బా వెనక నుంచి పాత బిస్కెట్ల రేకుడబ్బా తీసింది. అందులో వరసగా మడిచిపెట్టిన కరెంటు బిల్లుల రశీదులు, ఇంటి పన్ను రశీదు, గేటు తాళంచెవి. అడుగున రెండు మాత్రల షీట్లు. నలపగా ఖాళీ అయిన షీటు పక్కన పెట్టి, రెండో దాంట్లోంచి బొటనవేలితో ఒక మాత్ర నొక్కి తీసి, తన నోట్లో వేసుకుని గుక్కెడు నీళ్ళు తాగింది.

"నీకూ వచ్చిందా బీపీ? ఎప్పట్నుంచి?"

డబ్బా మూత పెడుతూ అంది: "ఆయనకి శాంతి దొరికిన దగ్గర్నుంచీ."